వెనక్కి అరిగిన లారీ

ఇంజనులో ఏ నూనె పొయ్యాలన్నది వినడానికి చిన్న సంగతే. కానీ ఆ పొద్దున వ్యానక్కకి ఆ చిన్న సంగతి వల్లే టీ గొంతు దిగడం లేదు.

ఆమెని వీధి వీధంతా వ్యానక్క అనే పిలుస్తుంది. పొద్దున్నే బడి పిల్లల్ని ఎక్కించుకుని కొండ మీది బడికి తీసుకెళ్ళడం, సాయంత్రం ఎవరి గుమ్మం ముందు వాళ్ళని దింపడం ఆమె పని. వ్యాను పాతది. మొన్నీమధ్య ఇంజను మొరాయిస్తే మొత్తం విప్పి, లోపల అరిగినవన్నీ తీసేసి కొత్తవి వేయించాల్సి వచ్చింది. ఆ పని జరిగినన్నాళ్ళూ పిల్లలు కొండదారి నడిచి ఎక్కారు. హెడ్‌మాస్టరు కసరలేదు. మెత్తగా ఒక్క మాట అన్నాడు: "ఇంకోసారి ఇలా అయితే వేరే బండి చూసుకోక తప్పదమ్మా." మెత్తగా అన్నాడు కాబట్టే ఆ మాట ఆమెకి లోతుగా దిగింది.

ఇంజను బాగయ్యాక మొదటిసారి నూనె మార్చేది ఈ రోజే. మేస్త్రి పాత నూనె దించేసి, అడుగు బోల్టు బిగించేసి, బల్ల మీద రెండు కొత్త డబ్బాలు పెట్టాడు. ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. పాత నూనె దించడం మేస్త్రి పని, కొత్త డబ్బా సీలు తియ్యడం మాత్రం బండిగలవాళ్ళ పని. ఏది పొయ్యాలో వాళ్ళే ఎంచాలి, మూత మీద వాళ్ళ చెయ్యే పడాలి. లేకపోతే రేపు ఇంజను గొంతు మారినప్పుడు, "నేనది పొయ్యమన్నానా" అంటూ తగువుకొస్తారు. చాలా తగువులు చూశాకే మేస్త్రి ఈ పద్ధతి పెట్టుకున్నాడు.

డబ్బాల మీద రెండేసి అంకెలుంటాయి, మధ్యలో డబ్ల్యూ అని ఒక అక్షరం. మొదటి అంకె చలిలో నూనె తీరు చెబుతుంది. అది ఎంత చిన్నదైతే చల్లటి పొద్దున నూనె అంత చురుగ్గా పారుతుంది. రెండో అంకె ఇంజను వేడెక్కాక సంగతి. అది ఎంత పెద్దదైతే వేడిలో కూడా నూనె అంత చిక్కగా నిలబడుతుంది. తేనె, నీళ్ళు పక్కపక్కన ఒంపి చూస్తే తేడా ఎలా తెలుస్తుందో ఇదీ అంతే. ఒక డబ్బా ఫైవ్ డబ్ల్యూ థర్టీ, పల్చటిది. రెండోది ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ, చిక్కటిది.

"పుస్తకంలో పల్చటిదే పొయ్యమని ఉందక్కా," అన్నాడు మేస్త్రి. "అయినా బండి నీది. టీ తాగి వచ్చి చెప్పు."

ఆమెకి రాత్రే బావ చెప్పాడు. ఆయన కూడా డ్రైవరే. "మరదలా, పుస్తకాలు రాసేవాళ్ళు బండి తోలరు. చిక్కటిది పోయించు. ఇంజనుకి కంబళి కప్పినట్టుంటుంది." కంబళి అన్న మాట ఆమె మనసుకి వెచ్చగా తగిలింది. పల్చటి నూనె అంటే చలిలో పిల్లల్ని పల్చటి చొక్కాతో పంపినట్టు అనిపించింది. అదీ ఆమె గొంతుకి అడ్డం పడ్డది.

టీ బంకు షెడ్డుకి ఎదురుగానే ఉంది, మధ్యలో రోడ్డు కూడా లేదు, మట్టి వాకిలి అంతే. బంకు నడిపే ఆవిడని వ్యానక్క పెద్దమ్మా అంటుంది. బెంచీ మీద అప్పటికే ఆ పెద్దమ్మ మరిది కూర్చుని ఉన్నాడు. ఊరందరికీ ఆయన పిస్టన్ బాబాయి. ఏ ఇంజను పేరు చెప్పినా దాన్ని చిన్నప్పుడు ఎత్తుకుని ఆడించినట్టు మాట్లాడతాడు.

"ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది?" అన్నాడు బాబాయి.

చెప్పింది. పల్చటిదా, చిక్కటిదా.

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే కథ మొదలైనట్టేనని బంకు నడిపే వదినకి తెలుసు. ఆవిడ స్టవ్వు మంట తగ్గించింది.

"నూనె ఎంచడమా," అన్నాడు. "అది చేత్తో ఎంచరమ్మాయ్, చెవితో ఎంచుతారు. కొండ మీదకి సరుకు తోలే లారీలో పనిచేశాను నేను, ఆ రోజుల్లో. లారీ ముసలిది. ఎక్కుడు వచ్చిందంటే లోపల టకటకా టకటకా అని కొట్టుకునేది. ఎవరికీ అంతు పట్టలేదు. నేను స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించా. ఇలా. విన్నా. విని, ఇది జబ్బు కాదు ఓనరుగారూ, దాహం అన్నా. నూనె ఉంది గానీ దీనికి సరిపడే నూనె లేదు, ఇనుముకి ఇనుము తగులుతోంది అన్నా. అంతే, ఓనరు నా చేతులు పట్టుకుని, నువ్వే ఎంచు, నీ చేతికే వదిలేస్తున్నా అన్నాడు."

"అదైతే నిజమే," అన్నాడు మేస్త్రి. చేతులు తుడుచుకుంటూ అప్పుడే వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. "స్క్రూడ్రైవరు పెట్టి వింటాం మేమూ."

"నిజం కాక, నేను అబద్ధం చెప్పగా ఎప్పుడైనా విన్నావా? సరే, పాత నూనె మొత్తం దించేశా. చుక్క మిగల్లేదు. ఆ నూనె ఎంత నల్లగా ఉందంటే గిన్నెలో పడుతుంటే పట్టపగలు కాకులు గూళ్ళకి బయల్దేరాయి, పొద్దుపోయిందనుకుని. తర్వాత నూనెల కొట్టుకి వెళ్ళా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్తే తెలుస్తుంది," అంది వదిన.

"కొట్టువాడు ముందు ఒక పల్చటి నూనె చూపించాడు. ఎంత పల్చనంటే, డబ్బా చేతికిచ్చేలోపే రేకులోంచి బయటికొచ్చేసి ఎదురుగా నిలబడింది. మనం మాట్లాడుకుంటుంటే మాటకీ మాటకీ మధ్య దూరిపోతోంది వదినా, వాడు ధర చెప్తే సగం జారిపోయి సగమే నాకు వినపడింది. ఇది కాదు, చిక్కటిది చూపించు అన్నా. చిక్కటిది తెచ్చాడు. అదెంత చిక్కనంటే, వాళ్ళ తాత ఆ డబ్బా బోర్లించి పోయాడట, మొదటి చుక్క ఇంకా దారిలో ఉంది. ఓ చీమ దాని మీద నడక మొదలుపెట్టి, ఆ ఒడ్డున సంసారం పెట్టుకుందామని బయల్దేరిందట, మధ్యలోనే మనవలు పుట్టారు."

మేస్త్రి నవ్వబోయి, నవ్వితే తర్వాతి మాట వినపడదేమోనని ఆపుకున్నాడు. వ్యానక్క ముందుకి జరిగి కూర్చుంది. ఆమెకి చీమతో పని లేదు, చివరికి ఏది ఎంచాడో కావాలి.

"మరి దేన్ని ఎంచావు బాబాయ్?"

"అక్కడికే వస్తున్నా. అమ్మాయ్, ఇది విను, ఇందులో తమాషా లేదు." బాబాయి గొంతు తగ్గించాడు. "ఇంజను అరిగేది ఎక్కువగా ఎప్పుడనుకున్నావు? కొండెక్కేటప్పుడు కాదు. చల్లటి పొద్దున తాళం తిప్పిన మొదటి క్షణంలో. రాత్రంతా నూనె కిందికి దిగిపోయి ఉంటుంది. తాళం తిప్పగానే అది పైకి పరిగెత్తాలి, ఇనుముకీ ఇనుముకీ మధ్యకి పోయి పడుకోవాలి. అది అక్కడికి చేరేదాకా రెండు ఇనుములూ ఒంటిమీద బట్ట లేకుండా రాసుకుంటాయి. మరీ చిక్కటిదైతే లేచి, ఒళ్ళు విరుచుకుని, మెట్లెక్కి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. కొత్త ఇంజనులో సందులు బిగువు, అందులోకి అది దూరనైనా దూరదు. పోనీ మరీ పల్చటిదంటావా, వేడెక్కాక నిలవదు, ఇనుముల మధ్య నూనె తెర చిరిగిపోతుంది. అందుకని ఏ ఇంజను సందు ఎంతో చూసి, ఆ సందుకి తగ్గది ఎంచాలి."

వ్యానక్క గ్లాసు పట్టుకున్న చెయ్యి కదలలేదు. తను రోజూ వ్యాను రాత్రంతా ఆరుబయటే పెడుతుంది. పొద్దున్నే అద్దం మీద మంచు తుడిచి తాళం తిప్పుతుంది. ఆ ఒక్క క్షణంలో లోపల ఇంత జరుగుతుందని ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"అప్పుడు కొట్టువాడు మూడో రకం తెచ్చాడు. కొలత చెంచాలోంచి ఒక్క చుక్క, ఇదిగో ఈ బొటనవేలికీ ఈ చూపుడు వేలికీ మధ్య వేయించుకున్నా. నొక్కా. వేళ్ళు కలవలేదమ్మాయ్. బలం పెట్టి నొక్కా. కలవలేదు. మధ్యలో వెంట్రుక కూడా పట్టనంత సందు, కానీ ఆ సందు సందులాగే ఉంది. కొట్టువాడూ వాడి తమ్ముడూ చెరో వేలూ పట్టుకుని తోశారు. బండరాళ్ళు పెట్టారు. చివరికి ఆ వీధిలో పోయే ఏనుగుని బతిమాలి, నా వేళ్ళ మీద కూర్చోబెట్టారు. ఏనుగు జారిపడింది గానీ వేళ్ళు కలవలేదు. ఆ తర్వాత ఎన్నాళ్ళో నేను ఎడంచేత్తో తిన్నా. అడుగు, మా వదిన్ని."

"ఎడంచేత్తో తిన్నది గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు," అంది వదిన. కానీ ఆవిడ కూడా తన బొటనవేలూ చూపుడు వేలూ ఒకదానికొకటి రాసి చూసుకుంటోంది.

"అదే రకం, సీలు తియ్యని కొత్త డబ్బా ఒకటి చంకన పెట్టుకుని లారీ దగ్గరికొచ్చా. ఎక్కా. తాళం తిప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏమీ కాలేదు. చప్పుడు లేదు. ఇంజను ఆగిపోయిందనుకుని ఓనరు ఏడుపు మొదలెట్టాడు. అది ఆగిపోలేదు, నడుస్తోంది. ఎంత మెత్తగా అంటే, బానెట్టు మీద పెట్టిన టీ గ్లాసులో మీగడ కట్టింది. ఇక చూసుకో, కొండ ఎక్కడం మొదలుపెట్టాం. పైకి పోయేకొద్దీ చలి. రోడ్డు పక్కన మిగతా లారీలన్నీ ఆగిపోయాయి. వాళ్ళ నూనె గడ్డకట్టేసి, డ్రైవర్లు గొడ్డళ్ళతో నరికి ముక్కలు బయటికి తీస్తున్నారు. మా లారీ మాత్రం, వెన్న మీద వేలు పోయినట్టు పోతోంది. అప్పుడు చూశా."

ఆగాడు. టీ ఒక గుక్క తాగాడు. 

"ఏం చూశావు?" అంది వ్యానక్క.

"టైర్లు. బయల్దేరినప్పుడు బోడి గుండ్లలా ఉన్నాయి. ఇప్పుడు వాటి మీద గాడులు మొలుస్తున్నాయి. అర్థమైందా? అరుగుదల ఆగిపోవడం కాదు, వెనక్కి తిరిగింది. అరిగిన ఇనుమంతా ఎక్కడెక్కడ రాలిందో అక్కణ్ణించి లేచి వచ్చి దేని చోట్లో అది కూర్చుంటోంది. సొట్టలు టప్పు టప్పుమని లోపల్నించి లేస్తున్నాయి. తుప్పు రాలిపోతోంది, కింద రంగు కొత్త పెళ్ళికూతురి గోళ్ళలా మెరుస్తోంది. చిరిగిన సీటు నా కిందే కుట్టుకుపోయింది, కాస్త కదలబట్టి సరిపోయింది గానీ లేకపోతే నన్నూ కలిపి కుట్టేసేది."

సరిగ్గా అప్పుడే షెడ్డు వెనక నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టింది. దారికి వ్యాను అడ్డంగా ఉంది. మేస్త్రి లేచాడు, కానీ మొహం మాత్రం బాబాయి వైపే ఉంచి వెనక్కి వెనక్కి నడిచాడు. "ఆపకు బాబాయ్, వింటున్నా," అంటూ వ్యాను తలుపు తెరిచి, డ్రైవరు సీట్లో కూర్చుని, ఒక కాలు బయటే పెట్టి, చెవి ఇటే ఉంచాడు.

బాబాయి గొంతు పెంచాడు, వాకిలి దాటి వినపడేట్టు.

"పక్కన ఇంకో డ్రైవరు కూర్చున్నాడు, ముసలాయన. ఇంజను పెట్టె మీద మోకాళ్ళు ఆనించుకున్నాడు. మొదటి మలుపులో మోకాళ్ళ నొప్పి పోయిందన్నాడు. రెండో మలుపులో పళ్ళొచ్చాయి. ఇంకో మలుపు తిరిగేసరికి తలంతా జుట్టు, అద్దంలో చూసుకుని దువ్వెన అడిగాడు. శిఖరం కనపడేసరికి మీసం పోయి, మాట పోయి, అమ్మ కావాలని చొక్కా పట్టుకున్నాడు. నాకు అప్పుడు భయం వేసింది, వదినా. లారీ కొత్తదైపోయింది సరే, ఆ తర్వాత? ఇంకా వెనక్కి పోతే? చూస్తూ ఉండగానే స్టీరింగు కరిగి ముద్దలా మెత్తబడుతోంది. ఇంకో మైలు పోతే లారీ మొత్తం మట్టిలో ఖనిజమైపోయి, గనిలో దూరిపోతుంది, మాతో సహా."

"అయ్యో," అంది వదిన. పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి. ఆవిడ చూడలేదు.

"తాళం పీకేశా. ఆగలేదు. బ్రేకు తొక్కా. ఆగలేదు. ఎలా ఆగుతుంది, ఇనుముకి ఇనుము తగలందే? తలుపు తీసి దూకి, చంకలో డబ్బా తీసి, సీలు తియ్యని కొత్త డబ్బా అన్నాగా, దాన్ని వెనక చక్రం కింద అడ్డం పెట్టా. అది ఆపింది. డబ్బాకి సొట్ట పడలేదు, సీలు చెదరలేదు. లారీ ఆగింది. కొండ మీద అప్పుడు ఎంత నిశ్శబ్దమంటే, మబ్బులు ఒకదాన్నొకటి రాసుకునే చప్పుడు వినపడింది. ఇక దిగాలి కదా. డబ్బా మళ్ళీ చంకన పెట్టుకుని ఎక్కి కూర్చున్నా. ఊపిరి బిగబట్టా. తాళం మళ్ళీ పెట్టి, దాని మీద చెయ్యి వేశా. ఇలా."

బాబాయి గాల్లో చెయ్యి చాపి, లేని తాళం పట్టుకున్నాడు. వాకిలికి అవతల, వ్యానులో, మేస్త్రి కళ్ళు పెద్దవి చేసుకుని, ఉన్న తాళం పట్టుకున్నాడు. ట్యాంకరు మళ్ళీ హారన్ కొట్టింది.

వ్యానక్క కూడా ఊపిరి బిగబట్టే ఉంది. కానీ ఆమె మొదట్నించీ ఒక్క జవాబు కోసమే కూర్చుంది. అది ఇంకా రాలేదు.

"బాబాయ్, ఆగు," అంది. "ఇంతకీ లారీలో ఏ నూనె పోశావు?"

"అదేనమ్మా, ఏనుగు జారిపడిందే, ఆ రకం."

"అది డబ్బాలోనే ఉందిగా. సీలు తియ్యలేదన్నావు. పాతది చుక్క లేకుండా దించేశావు. మరి కొండెక్కేదాకా ఇంజనులో ఉన్నదేంటి?"

బాబాయి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తాళం పట్టుకున్న రెండు వేళ్ళ మధ్య సన్నటి సందు ఉంది, అది కలవలేదు.

టీ బంకులో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న బెంచీ దగ్గర ఆగలేదు, వాకిలి దాటి వ్యానుదాకా వెళ్ళింది. మేస్త్రి మొహంలో రంగు మారింది. తాళం మీంచి చెయ్యి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. బల్ల మీద రెండు డబ్బాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి సీళ్ళు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. వ్యాను ఇంజనులో చుక్క లేదు.

ఇందులో ఏముంది అనిపించవచ్చు, కాస్త పక్కకి జరపడమే కదా. కానీ నూనె లేని ఇంజను తిప్పితే, బాబాయి చెప్పిన ఆ మొదటి క్షణం ఎప్పటికీ ముగియదు. ఎంతసేపు తిరిగినా కిందినించి పైకి ఏదీ రాదు. కొత్తగా వేసిన బేరింగులు ఒకదాన్నొకటి గీరుకుని, ఇన్నాళ్ళ పనినీ మళ్ళీ మొదటికి తెచ్చేవి. ఆ వెనకే హెడ్‌మాస్టరు మెత్తటి మాట ఉండనే ఉంది.

మేస్త్రి నెమ్మదిగా దిగాడు. తాళం తీసి తెచ్చి వ్యానక్క అరచేతిలో పెట్టాడు. ట్యాంకరు డ్రైవరు వైపు తిరిగి కాస్త ఆగమని చెయ్యి ఊపాడు.

"మరిదీ," అంది వదిన, పాలు తుడుస్తూ. "నీ లారీ అంత కొండ ఏం తాగి ఎక్కింది?"

బాబాయి చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు. 

వ్యానక్క లేచి షెడ్డులోకి నడిచింది. రెండు డబ్బాల ముందూ నిలబడింది. కంబళి మాట గుర్తొచ్చింది. దాని పక్కనే చల్లటి పొద్దు, అద్దం మీద మంచు, మెట్లెక్కి రావలసిన నూనె గుర్తొచ్చాయి. కొండంత అబద్ధంలో ఆ ఒక్క ముక్క మాత్రం నిజమని ఆమెకి అనిపించింది. మేస్త్రి వైపు చూసింది. "చలి పొద్దుల సంగతీ, బిగువు సందుల సంగతీ బాబాయి సరిగ్గానే చెప్పాడక్కా," అన్నాడు మేస్త్రి. "పుస్తకం చెప్పేదీ అదే."

పల్చటి డబ్బా దగ్గరికి లాక్కుని సీలు తనే తీసింది. పొయ్యబోతూ, ఎవరూ చూడటం లేదనుకుని, మూతకి అంటిన చుక్కని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి నొక్కింది. వేళ్ళు ఒకదాని మీద ఒకటి జారాయి. గట్టిగా నొక్కింది. ఇంకా జారాయి. నొక్కేకొద్దీ, కంటికి కనపడనిదేదో మధ్యలో మెత్తగా పడుకుని, లేవనంటోంది. ఏనుగు అక్కర్లేదు. ఇంత పల్చటిది రోజూ అన్ని ఇనుముల మధ్యా పడుకుని, బండెడు పిల్లల్ని కొండెక్కిస్తోందా అని ఆమె ఆ రెండు వేళ్ళనీ చూసుకుంది.

వెనక అడుగుల చప్పుడైంది. బాబాయి. గరాటు అందుకుని, ఇంజను మూతిలో నిటారుగా పట్టుకున్నాడు. ఆమె పోసింది. నూనె తేనెరంగు దారంలా, తెగకుండా దిగింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క చుక్క పక్కన పడనివ్వలేదు.

మేస్త్రి కొలత పుల్ల తీసి చూసి తల ఊపాడు. ఆమె ఎక్కి తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని, తర్వాత నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు తిరిగింది. బాబాయి జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. అది నిజంగానే ఆయన జేబులో ఉంటుందని ఎవరూ అనుకోలేదు. మొన ఇంజను మీదా, పిడి చెవి మీదా పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏమంటోంది?" అంది వ్యానక్క.

"ఏమీ అనడం లేదమ్మాయ్," అన్నాడు కళ్ళు తెరిచి. "దానికి దాహం లేదు."

ఆమె వ్యాను తిప్పి రోడ్డెక్కించింది. ట్యాంకరు షెడ్డులోకి వచ్చింది. దాని డ్రైవరు దిగి టీ అడిగి, ఇందాక అంతసేపు ఏం జరిగిందని కూడా అడిగాడు. అద్దంలో వ్యానక్కకి బెంచీ కనిపిస్తూనే ఉంది, బాబాయి మళ్ళీ గ్లాసు కింద పెట్టడం కూడా కనిపించింది. కిటికీ లోంచి ఆయన గొంతు వినపడింది.

"ఓ వ్యానుకి నూనె ఎంచాన్లే నేను, ఈ మధ్యే. ముందు సీలు తీశా. తీసి పోశా. అది గుర్తుపెట్టుకో, తర్వాత ఎవరైనా అడిగితే చెప్పాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"